ఒకే తరహా పనికి ఒక రోజు అన్న సలహాపై

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

ఈ నెల మొదటి ఆదివారం మీ అనుబంధంలో రోజువారీ పనుల జాబితాపై వచ్చిన వ్యాసాన్ని బెంగళూరు చిక్కపేటలోని మా చిన్న కార్యాలయంలో ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం చదివాం. ఒక పని నుంచి మరో పనికి మారిన ప్రతిసారీ మనసు కొంత శక్తిని పోగొట్టుకుంటుందనీ, అందుచేత ఒకే తరహా పనులన్నింటినీ కట్టగా కట్టి ఒక్కో కట్టకు ఒక్కో రోజు కేటాయించాలనీ వ్యాసకర్త సూచించారు. సోమవారం ఫోన్లు, మంగళవారం లెక్కలు, బుధవారం ఉత్తరాలు, గురువారం బయటి పనులు అంటూ ఒక పట్టిక కూడా ఇచ్చారు. మా గుమాస్తా ఆ పట్టికను కత్తిరించి గోడకు అంటించాడు. మరునాడు నేనే దాన్ని తీసేశాను. అతను నొచ్చుకున్నాడు. అతనికి చెప్పిన సమాధానాన్నే కొంత పొందికగా మీకు రాస్తున్నాను.

నేను హిందూపురం ప్రాంతం నుంచి వచ్చి 26 ఏళ్లుగా ఇక్కడ వ్యాపారుల లెక్కలు చూస్తున్నాను. పాత అమ్మకం పన్ను రోజుల్లో మొదలుపెట్టి, 2005లో వ్యాట్ వస్తే దానికీ, 2017 జులైలో జీఎస్టీ వస్తే దానికీ అలవాటు పడ్డాను. మా నెల ఎలా ఉంటుందో తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 7వ తేదీలోగా టీడీఎస్, అంటే చెల్లింపుల్లోంచి ముందే మినహాయించిన పన్ను, కట్టాలి. నెలవారీగా దాఖలు చేసేవారి అమ్మకాల వివరాలు 11వ తేదీలోగా జీఎస్టీ పోర్టల్‌లో ఎక్కాలి. 15న ప్రావిడెంట్ ఫండు, ఈఎస్ఐ. ఏడాదిలో నాలుగు నెలలు ఆ 15వ తేదీనే ముందస్తు ఆదాయపు పన్ను కూడా వచ్చి కూర్చుంటుంది. 20న 3బి రిటర్న్, అంటే ఆ నెల జీఎస్టీ లెక్క తేల్చి పన్ను కట్టే పత్రం. ఈ తేదీలు వారాన్ని చూసుకుని రావు. 20వ తేదీ మంగళవారం అయితే వ్యాసకర్త పట్టిక మాకు పనికొస్తుంది, గురువారం అయితే ఆ రోజు మేం ఊరు తిరగాలి. ఇది చిన్న అభ్యంతరమే, దీన్ని పక్కన పెడతాను. నా అసలు అభ్యంతరం వేరే ఉంది.

ఒకే తరహా పనులను వరుసగా చేస్తే మనసు మారనక్కరలేదని వ్యాసకర్త అనుకున్నారు. రెండేళ్ల కిందట నేనూ అలాగే అనుకున్నాను. పద్నాలుగు దుకాణాల 3బి రిటర్నులను 18, 19 తేదీల్లో వరుసగా కూర్చుని పూర్తిచేద్దామనీ, ఆ రెండు రోజులూ ఫోనెత్తననీ, బ్యాంకుకు వెళ్లననీ, ఉత్తరం ముక్క రాయననీ నియమం పెట్టుకున్నాను. మొదటి ఆరు పత్రాలు బాణంలా సాగిపోయాయి. మధ్యాహ్నం తర్వాత వేగం తగ్గలేదు గానీ చూపు తగ్గింది. పదకొండో దుకాణం దగ్గర తప్పు చేశాను. రెండు బట్టల కొట్లు, ఇద్దరూ సూరత్ నుంచి చీరలు తెప్పించేవారే, ఇద్దరి కొట్ల పేర్లూ ఒకే దేవుడి పేరుతో మొదలయ్యేవే. పోర్టల్ తనంతట తాను సరిగ్గా నింపి పెట్టిన కొనుగోలు క్రెడిట్ (కొన్న సరుకుపై ముందే కట్టిన పన్నుకు దొరికే తగ్గింపు) అంకెను నేను సరిదిద్దుతున్నాననే భ్రమలో చెరిపి, పక్క కాగితం మీదున్న రెండో కొట్టు అంకెను అక్కడ ఎక్కించాను. 3బి ఒకసారి దాఖలైతే దాన్ని తిరిగి సవరించే వీలు లేదు, తర్వాతి నెల రిటర్నులో సరిచేసుకోవాలి. అదనంగా ఎక్కిన క్రెడిట్ వాడకంలోకి రాకముందే కనిపెట్టాను గనుక వడ్డీ పడలేదు. కానీ ఆ వ్యాపారి ఎదుట నిలబడి సంగతి చెప్పిన ఉదయం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

ఆ రాత్రి ఆలోచిస్తే ఒక విషయం తోచింది. ఒకే తరహా పని చేస్తున్నాననుకున్నాను గానీ, నిజానికి ఆ రోజు నేను పదిసార్లు పని మారాను. ఒక కొట్టు లెక్క నుంచి మరో కొట్టు లెక్కకు, ఒకరి అంకెల నుంచి మరొకరి అంకెలకు. ఆ మార్పు కంటికి కనబడకపోవడమే చిక్కు. పోర్టల్ తెర అదే, పత్రం అదే, గడులు అవే, చేతి కదలిక కూడా అదే. ఇది ఎవరి లెక్కో గుర్తు చేసేవి తెర మీద పైన ఉన్న పదిహేను అక్షరాల నమోదు సంఖ్యా, పేరూ మాత్రమే. పదకొండోసారికి వాటిని ఎవరు చదువుతారు? వ్యాసకర్త పోగు చేయమన్న పనులే ఒకదాన్ని ఒకటి కలుషితం చేసుకునే పనులు. ఆయన విడదీయమన్న పనులు, అంటే బ్యాంకుకు నడిచి వెళ్లడం, ఫోనులో మాట్లాడటం, పాత ఫైళ్లు సర్దడం, లెక్కను ఏ విధంగానూ చెడగొట్టవు.

ఇది నా ఒక్కదాని అనుభవమైతే పత్రికకు రాసేదాన్ని కాదు. వ్యాసకర్త మనస్తత్వ శాస్త్రాన్ని సాక్ష్యంగా పిలిచారు గనుక ఆ శాస్త్రంలో ఈ సంగతికి మూలమైన ప్రయోగాన్ని కూడా ప్రస్తావించాలి. 1927లో ఆర్థర్ జెర్సిల్డ్ అనే అమెరికా పరిశోధకుడు అచ్చంగా జాబితాలతోనే ప్రయోగాలు చేశారు. అంకెల జాబితా ఇచ్చి ప్రతి అంకెకూ ఒకే లెక్క చేయమంటే ఎంతసేపు పడుతుంది, ఒకదానికి కూడిక, తర్వాతిదానికి తీసివేత, మళ్లీ కూడిక అంటూ మార్చి మార్చి చేయమంటే ఎంతసేపు పడుతుంది అని కొలిచారు. మార్చి మార్చి చేసినప్పుడు స్పష్టంగా ఆలస్యమైంది. మీ వ్యాసకర్త చెప్పింది ఇంతవరకే. జెర్సిల్డ్ అక్కడితో ఆగలేదు. ఒక వరుసలో అంకె, మరో వరుసలో మాట వచ్చే జాబితా తయారు చేశారు. అంకె వస్తే తీసివేయాలి, మాట వస్తే దానికి వ్యతిరేక పదం చెప్పాలి. ఇక్కడ మారినందువల్ల ఆలస్యం కాలేదు. ఎదురుగా ఉన్నది అంకె అయితే ఏం చేయాలో అంకే చెబుతుంది, మాట అయితే మాటే చెబుతుంది, మనసు గుర్తుపెట్టుకోవలసింది ఏమీ లేదు. 1976లో స్పెక్టర్, బీడర్‌మన్ అనే ఇద్దరు ఈ ఫలితాన్ని మళ్లీ పరీక్షించి నిజమేనని చూపారు. అంతేకాక, అంకెల జాబితాలోనే ప్రతి అంకె పక్కన కూడాలో తీసివేయాలో గుర్తు వేసి ఇస్తే మార్పు వల్ల కలిగే నష్టం బాగా తగ్గుతుందని కూడా చూపారు. అంటే జాబితాలో పనులు మారుతున్నాయా లేదా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. పక్కపక్కన పడ్డ రెండు పనులు ఒకదానిలా ఒకటి ఉన్నాయా, ఉంటే వాటిని వేరుచేసే గుర్తు కంటి ముందు ఉందా అన్నది కూడా చూడాలి.

మా నాన్న మెట్ట చేలో వేరుశనగ వేసేవారు, నడుమ సాళ్లలో కంది. ఆ ప్రాంతపు రైతులకు ఇది కొత్త విషయం కాదు. వేరుశనగ నాలుగు నెలల్లోపే పీకేస్తారు, కంది ఆ తర్వాత కూడా నిలబడి కాస్తుంది. వేరుశనగ పై మట్టిలో పాకుతుంది, కంది వేరు లోతుకు పోతుంది. ఒకే చేను, ఒకే వాన, అయినా ఒకదాని తిండి ఒకటి పెద్దగా తినవు. కంది నడుమ కందే ఒత్తుగా వేస్తే ఏమవుతుందో ఏ రైతును అడిగినా చెబుతాడు. లెక్కల మనిషికి చేను పోలిక ఎందుకని మీరు అనుకోవచ్చు, కానీ ఆ పద్నాలుగు రిటర్నులను ఒకే సాలులో ఒత్తుగా వేసిన తప్పు నాకు మొదట ఈ రూపంలోనే అర్థమైంది.

తెలుగువారికి ఇంతకంటె గొప్ప ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది. అష్టావధానం చూసినవారికి తెలుసు, అక్కడ అవధానిని ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నించేవారు, అడిగే ఎనిమిదీ ఒకే తరహావి కావు. ఒకరు అక్షరాలను నిషేధిస్తూ పోతారు, ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలు ఇచ్చి వాటిని పద్యంలో పొదగమంటారు, ఒకరు ఒక దృశ్యాన్ని వర్ణించమంటారు, ఒకరు పురాణ ఘట్టం చదివి సందర్భం అడుగుతారు, ఒకరు నడుమ నడుమ గంట కొడుతుంటే అవధాని లెక్క తప్పకూడదు. అవధాని పద్యం అడిగిన ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో పాదం చెప్పి ముందుకు సాగుతారు. ఆవృత్తి పూర్తయ్యాక మళ్లీ మొదటివారి దగ్గరకు వచ్చి రెండో పాదం అందుకుంటారు. నాలుగు ఆవృత్తులయ్యాక ధారణలో అన్ని పద్యాలనూ వరుసగా అప్పజెబుతారు. నేను గమనించింది రెండు విషయాలు. మొదటిది, ఆగిన చోటు. నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డు తగిలినా అవధాని ఆ పాదం ముగించే కదులుతారు. పాదం దగ్గర యతి కుదిరింది, గణం కుదిరింది, ఇక అక్కడ వదిలినా తిరిగి అందుకోవడానికి ఒక పట్టు ఉంటుంది. రెండోది, పక్కపక్కనున్న ప్రశ్నల స్వభావం. దత్తపది పక్కన వర్ణన ఉన్నా, గంట పక్కన పురాణం ఉన్నా ఏ ప్రశ్న ముద్ర దానికి ఉంటుంది.

అదే సభలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఒకాయన ఉంటారు. ఆయనకు వరుస లేదు. పాదం మధ్యలో, ఊపిరి పీల్చుకునే వేళలో, ఎప్పుడు పడితే అప్పుడు సంబంధం లేని మాట విసురుతారు, అవధాని దానికి చమత్కారంగా జవాబిచ్చి మళ్లీ పద్యంలోకి రావాలి. జనం నవ్వుతారు, చప్పట్లు కొడతారు. అవధాని శక్తికి అసలు పరీక్ష అదేనని పెద్దలు అంటారు. మన పూర్వులు ఎనిమిది పనులను మార్చి మార్చి చేయడాన్నీ, పిలవకుండా వచ్చి పడే అంతరాయాన్నీ ఒకే సభలో కూర్చోబెట్టి, రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టారు. మీ వ్యాసకర్త ఆ రెండింటినీ ఒకే పేరుతో పిలిచారు. మా ఊళ్లో, అంటే ఇప్పటి మా ఊరైన బెంగళూరులో, కన్నడంలో అవధాన కళకు మళ్లీ ప్రాణం పోసిన శతావధాని ఆర్. గణేశ్ గారి సభలకు వెళ్లేవారిలో తెలుగువారు కూడా ఉంటారు. వారిలో ఎవరిని అడిగినా ఈ తేడా వెంటనే చెబుతారు. అవధానులు అసాధారణ ప్రతిభావంతులు, వారి ధారణతో మామూలు గుమాస్తాను పోల్చకూడదన్న మాట నిజమే. నేను వారి జ్ఞాపకశక్తిని అరువు అడగడం లేదు, సభను అమర్చిన పద్ధతిని మాత్రమే అడుగుతున్నాను.

ఆ పద్ధతిని మా బల్ల మీదికి ఎలా తెచ్చుకున్నానో కొంత వివరంగా చెబుతాను. మా పనుల చీటీలో ఇప్పుడు పనులు ముఖ్యమైనవి, కానివి అని విడిపోవు. తల పని, నోటి పని, కాళ్ల పని అని విడిపోతాయి. లెక్క చూడటం, పన్ను శాఖ నోటీసుకు జవాబు రాయడం తల పనులు. బాకీ బిల్లుల కోసం దుకాణానికి ఫోన్ చేయడం, కొత్త వ్యాపారికి నమోదు వివరాలు చెప్పడం నోటి పనులు. బ్యాంకు, జిరాక్సు, అవెన్యూ రోడ్డులో లెడ్జరు పుస్తకాలు కొనడం, సంతకాల కోసం కొట్లు తిరగడం కాళ్ల పనులు. ఒక తల పని ముగిసిన తర్వాత మరో తల పని వెంటనే రాకుండా నడుమ నోటి పనో కాళ్ల పనో పడేలా చీటీ రాస్తాను. తప్పనిసరై రెండు రిటర్నులు వెంట వెంట చేయవలసి వస్తే, వాటిలో ఒకటి బట్టల కొట్టుదైతే రెండోది ఇనుప సామానుదో మందుల షాపుదో అయ్యేలా చూస్తాను. ఒక్కో దుకాణం కాగితాలకు ఒక్కో రంగు అట్ట. కూడిక, తీసివేత గుర్తులు పక్కన వేస్తే నష్టం తగ్గిందన్న 1976 నాటి ఫలితాన్ని చదివాక రెండు రూపాయల రంగు అట్ట ఎంత పని చేస్తుందో నాకు అర్థమైంది.

రిటర్ను దాఖలు చేసేటప్పుడు చివర వ్యాపారి ఫోనుకు ఓటీపీ వెళుతుంది. ఆ వ్యాపారి అప్పుడే భోజనానికి కూర్చుని ఉంటాడు, లేదా సరుకు దింపించుకుంటూ ఉంటాడు. పూర్వం ఆ పది నిమిషాల్లో నేను తర్వాతి దుకాణం లెక్క తెరిచేదాన్ని, ఇటు ఓటీపీ వచ్చేసరికి అటు సగం కూడిక నడుస్తూ ఉండేది. ఇప్పుడు ఆ ఖాళీలో కాగితాలకు రంధ్రాలు వేసి ఫైలు చేస్తాను, లేదా మేడ దిగి కాఫీ తాగి వస్తాను. ఇంతకు మించి ఇందులో విశేషం లేదు, కానీ ఏడాదిలో నాకు ఎక్కువ మేలు చేసిన మార్పు ఇదే.

ఆగవలసిన చోటు గురించి కూడా ఒక మాట. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు, ఒక పనిని వదిలి మరో పనికి వెళ్లినప్పుడు మొదటి పని తాలూకు ఆలోచన కొంత మనసులో మిగిలిపోయి రెండో పనిని కుంటుపరుస్తుందని చూపారు. వ్యాసకర్త సలహాకు బహుశా ఇదే ఆధారం. అయితే ఆ మిగులు అన్ని పనులకూ ఒకే రకంగా లేదు. సగంలో వదిలిన పని ఎక్కువ వెంటపడింది, గడువు పెట్టుకుని ముగించిన పని తక్కువ వెంటపడింది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ మరొకటి చూపారు. పూర్తికాని పనిని ఎప్పుడు, ఎలా చేస్తామో నిర్దిష్టంగా రాసి పెట్టుకుంటే అది మనసులోకి పదే పదే చొరబడటం మానేసిందట, పని పూర్తి కాకపోయినా సరే. అందుకని లేవడానికి ముందు అట్ట మీద ఒక్క వాక్యం రాసి లేస్తాను: "నవంబరు అమ్మకాలు సరిపోయాయి, తిరిగి వచ్చిన సరుకు చీటీలు రెండు చూడాలి, మూడింటికి." నేను రోజూ మెట్రో రైలు ఎక్కే బనశంకరి నుంచి చిక్కపేట ఏడో స్టేషను. నేషనల్ కాలేజీ దాటి రైలు భూగర్భంలోకి దిగే దాకా ఇంటి సంగతులు ఆలోచిస్తాను, దిగాక ఆ అట్టల మీది వాక్యాలు గుర్తు తెచ్చుకుంటాను. కార్యాలయం మెట్లెక్కేసరికి ఏ అట్ట ముందు తెరవాలో తెలిసిపోతుంది. పని మార్చబోయే ముందు సిద్ధపడటానికి కొంత వ్యవధి ఇస్తే మార్పు భారం తగ్గుతుందనీ, అయితే పూర్తిగా పోదనీ 1995లో రోజర్స్, మోన్సెల్ చేసిన ప్రయోగాల్లో తేలింది. పూర్తిగా పోదన్న రెండో సగాన్ని నేను దాచడం లేదు. ఏ మార్పైనా కొంత ఖర్చుతో కూడినదే. ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే వ్యాసకర్తకూ నాకూ మధ్య వాదం.

మార్చకూడని పనులు కూడా ఉన్నాయి. వంటింట్లో పప్పు ఉడుకుతుంటే కూరగాయలు తరుగుతాం, బియ్యం నానుతుంటే గిన్నెలు కడుగుతాం. ఇది తెలియని ఇల్లాలు లేదు, దీనికి ఎవరూ పేరు పెట్టలేదు, ఎవరూ దీని మీద ఆదివారం వ్యాసమూ రాయలేదు. కానీ తాలింపు వేసే నిమిషంలో ఎవరు పిలిచినా పలకం. మా పనిలో నోటీసుకు జవాబు రాయడం తాలింపు లాంటిది. అధికారి అడిగిన ప్రతి అంశానికీ కాగితం చూపుతూ, ఒక పేరాలో ఒప్పుకున్నదాన్ని మరో పేరాలో కాదనకుండా రాయాలి. దాన్ని ఏ పనితోనూ కలపను. ఆ పూట మా గుమాస్తా తలుపు దగ్గర కూర్చుంటాడు. ఏడాది లెక్కను బ్యాంకు పుస్తకంతో సరిపోల్చే పనీ అంతే, తేడా ఏడు వందలు ఎక్కడ పోయిందో పట్టుకునే దాకా లేవకూడదు. ఇటువంటి పనుల విషయంలో వ్యాసకర్తతో నాకు పేచీ లేదు.

ఇంకో లోపం నా పద్ధతిలోనే ఉంది. పని మార్చుకోవచ్చన్న వెసులుబాటు దొరకగానే మనసు దొంగతనం నేర్చుకుంటుంది. కష్టమైన తల పని ఎదురుగా ఉన్నప్పుడు కాళ్ల పనులు ఎక్కడలేని ముద్దు వస్తాయి. అవసరం లేని జిరాక్సులు తీయించిన రోజులు నాకూ ఉన్నాయి. అందుకే రోజూ మొదటి గళ్లో తల పనే ఉండాలని నియమం. ఈ నియమం వారంలో ఒకసారైనా తప్పుతుంది.

వ్యాసకర్త పట్టికలో నన్ను అన్నిటికంటె ఇబ్బంది పెట్టింది అది ఎవరి కోసం రాసిందన్న విషయం. సోమవారమంతా ఫోన్లు, మంగళవారమంతా లెక్కలు అని నిర్ణయించుకోగల మనిషికి తలుపున్న గది ఉంటుంది, తన బదులు ఫోనెత్తే మనిషి ఉంటాడు, మధ్యాహ్నం ఎవరో వండి పెట్టిన భోజనం ఉంటుంది. చిక్కపేటలో గజం గుడ్డ కొలుస్తూనే బిల్లు రాసే కుర్రాడికీ, ఇంట్లో పిల్లవాడికి జ్వరం వస్తే బల్ల మీదే ఫోను పెట్టుకుని పనిచేసే మా సహాయకురాలికీ పని మారాలా వద్దా అని ఎవరూ అడగరు. 2008లో గ్లోరియా మార్క్, ఆమె సహచరులు చేసిన ప్రయోగంలో మధ్య మధ్య అంతరాయం కలిగినవారు పనిని నిజానికి త్వరగానే ముగించారు, కానీ ఒత్తిడీ చిరాకూ ఎక్కువ అనుభవించారు. అంటే అంతరాయాల నడుమ బతికేవారి పని బయటికి బాగానే కనబడుతుంది, ఖర్చు వాళ్ల ఒంట్లో పడుతుంది. యజమానికి ఆ ఖర్చు కనబడదు. అటువంటివారికి "మారకండి" అని చెప్పడం కంటె, మారక తప్పనప్పుడు ఏ పని పక్కన ఏ పని పెట్టుకోవాలో చెప్పడం ఉపకారం.

చదువుకునే పిల్లల గురించి వ్యాసంలో ఒక వాక్యం ఉంది గనుక నేనూ ఒక పేరా రాస్తాను. ఒక అధ్యాయం లెక్కలన్నీ ఒకేసారి చేయించడమే మేలని అక్కడ అన్నారు. 2007లో రోరర్, టేలర్ కళాశాల విద్యార్థులతో చేసిన పరిశీలనలో వేర్వేరు రకాల లెక్కలను కలగలిపి అభ్యాసం చేసినవారు అభ్యాస సమయంలో తడబడ్డారు గానీ వారం తర్వాత పరీక్షలో చాలా మెరుగ్గా చేశారు. ఎదురుగా ఉన్న లెక్క ఏ రకానిదో గుర్తించడం కూడా చదువులో భాగమే, వరుసగా ఒకే రకం చేసేవాడికి ఆ అవసరమే రాదు. మరుసటి ఏడాది కోర్నెల్, బ్యోర్క్ పన్నెండు మంది చిత్రకారుల బొమ్మలను కలగలిపి చూపినవారికి ఎవరి శైలి ఏదో బాగా పట్టుబడిందని చూపారు. విచిత్రమేమిటంటే, బాగా నేర్చుకున్న తర్వాత కూడా వారిలో ఎక్కువమంది ఒక్కొక్కరి బొమ్మలను వరుసగా చూడటమే మేలనిపించిందన్నారు. సాఫీగా సాగడాన్ని మనం నేర్చుకోవడంగా పొరబడతాం. సీఏ పరీక్షకు చదువుతున్న మా అక్క కూతురికి ఈ సంగతి చెబితే, "పిన్నీ, మాకు కోచింగులో రోజుకో అధ్యాయమే" అంది. కోచింగు వారికి అది సౌకర్యం, పిల్లకు కాదు.

చివరగా, మీ పత్రిక చిక్కపేట, అవెన్యూ రోడ్డు, మామూలుపేటల్లోని తెలుగు వ్యాపారులు చాలామంది చదువుతారు గనుక వారికి మీ ద్వారా ఒక విన్నపం చేసుకోనివ్వండి. కొనుగోలు బిల్లులను దొరికినప్పుడల్లా ఒక్కొక్కటిగా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపకండి. ఉదయం తొమ్మిదికి ఒకటి, పదకొండున్నరకు ఒకటి, రాత్రి పడుకునే ముందు రెండు వస్తాయి. అవన్నీ మా పాలిటి అప్రస్తుత ప్రసంగాలు, చమత్కారంగా జవాబిచ్చే శక్తి మాకు లేదు. నెలలో అన్ని బిల్లులనూ ఒక కవరులో పెట్టి 5వ తేదీలోగా మీ కుర్రాడితో పంపండి. ఓటీపీ కోసం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా ఫోను దగ్గర పెట్టుకుంటే చాలు, మిగతా సమయంలో మేం మిమ్మల్ని కదిలించం. కవరు మీద కొట్టు పేరు పెద్ద అక్షరాలతో రాయండి, దేవుడి పేరు తర్వాత వచ్చే భాగాన్ని కూడా వదలకుండా.

ఇట్లు,
మీ పాఠకురాలు,
చిక్కపేట, బెంగళూరు.